ఒకే డిస్కులో విండోస్, ఉబుంటు: ఒక డీటీపీ షాపు ప్రాజెక్టు డైరీ

పని ఎందుకు వచ్చింది

విజయవాడ గవర్నరుపేటలో మా బాబాయి నడిపే డీటీపీ షాపుకు ఆధారమైన కంప్యూటర్ ఒక్కటే. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, చిన్న పత్రికల పేజీలు అన్నీ అందులోనే కంపోజ్ అవుతాయి. ఏడో తరం ఇంటెల్ ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్కు, విండోస్ 10. ఆ విండోస్‌కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఈ ప్రాసెసరు విండోస్ 11కు అర్హమైన వాటి జాబితాలో లేదు. కస్టమర్లు మ్యాటరు పంపేది వాట్సాప్‌లో, ప్రూఫు వెళ్లేది మెయిల్లో, డబ్బు వచ్చేది బ్యాంకు ఖాతాలో కాబట్టి, భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన యంత్రాన్ని రోజంతా ఇంటర్నెట్‌లో ఉంచడం నాకు నచ్చలేదు.

అలాగని విండోస్‌ను తీసేయడానికి వీల్లేదు. బాబాయి పని మొత్తం పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7 మీద, అను అనే తెలుగు ఫాంట్ల మీద ఆధారపడి ఉంది. 2001లో వచ్చిన ఆ వెర్షనే పేజ్‌మేకర్‌కు చివరిది. ఆ ఫాంట్లలో కొట్టిన మ్యాటరు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేత పద్ధతి) కాదు గనుక, ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు పేజీ కాస్తా ఆంగ్ల అక్షరాలు, గుర్తుల కలగాపులగంగా మారిపోతుంది. విండోస్‌కు బదులు వాడగల, లినక్స్ ఆధారంగా నడిచే ఉబుంటు వేసి, దాని లోపల వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల నడిచే ఊహా కంప్యూటర్) పెట్టి అందులో విండోస్ నడిపే మార్గం ఉంది కానీ, 8 జీబీ ర్యామ్‌తో, తిరిగే హార్డ్ డిస్కుతో అది కంపోజింగ్ చేసేవారి ఓర్పును పరీక్షిస్తుంది. అందువల్ల ఒకే డిస్కులో రెండింటికీ చోటు చేసి, విండోస్‌ను ఇంటర్నెట్ లేకుండా కంపోజింగ్‌కు మాత్రమే ఉంచి, మిగిలిన బయటి వ్యవహారమంతా ఉబుంటు 24.04కు అప్పగించాలని నిర్ణయించాము. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఈ ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) వెర్షన్‌కు 5 ఏళ్ల సాధారణ మద్దతు ఉంటుంది.

కొత్త సంవత్సరం క్యాలెండర్ల పని అయిపోయింది, పుష్యమాసంలో ముహూర్తాలు లేవు, సంక్రాంతికి ఎటూ షాపు మూసే ఉంటుంది. ఇంతకన్న మంచి సమయం దొరకదు.

భోగికి ముందు: డిస్కులో ఏముందో చూడడం

విండోస్‌లో డిస్కు భాగాలను (పార్టిషన్లను) చూపే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూడగానే ఈ యంత్రం చరిత్ర అర్థమైంది. అమర్చి ఇచ్చిన షాపువారు కంప్యూటర్‌ను లేపే కొత్త పద్ధతి యూఈఎఫ్‌ఐ ఉన్న మదర్‌బోర్డులో కూడా పాత లెగసీ పద్ధతిలోనే విండోస్ వేశారు. డిస్కు ఎంబీఆర్ పద్ధతిలో ఉంది. ముందు ఒక చిన్న సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్, తరువాత 195 జీబీ సి డ్రైవ్, ఆపైన ఒక ఎక్స్‌టెండెడ్ పార్టిషన్, దాని లోపల డి, ఇ డ్రైవులు.

ఎంబీఆర్ అంటే డిస్కులోని మొట్టమొదటి సెక్టారు, 512 బైట్లు. అందులో మొదటి 446 బైట్లు బూట్ కోడ్‌కు, చివరి 2 బైట్లు గుర్తుకు పోగా, పార్టిషన్ల పట్టికకు మిగిలేవి 64 బైట్లే. ఒక్కో పార్టిషన్ వివరానికి 16 బైట్లు కావాలి కనుక నాలుగింటికి మించి చోటు లేదు. ఆ 16 బైట్లలో పార్టిషన్ ఎక్కడ మొదలైందో, ఎన్ని సెక్టార్లు ఉందో చెప్పే అంకెలకు నాలుగేసి బైట్లు కేటాయించడం వల్ల 512 బైట్ల సెక్టార్లున్న డిస్కులో 2 టీబీ దాటి లెక్క పెట్టడం కూడా సాధ్యం కాదు. నాలుగు చాలనప్పుడు ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ పెట్టి, దాని లోపల లాజికల్ డ్రైవులను ఒకదాని వెనుక ఒకటి గొలుసులా కడతారు. ఒక్కో డ్రైవు ముందున్న చిన్న పట్టిక తరువాతి దాని చిరునామా చెబుతుంది. ఆ గొలుసులో ఒక లంకె చెడితే దాని తరువాతివి కనిపించకుండా పోతాయి.

లినక్స్ లాజికల్ డ్రైవులో కూడా భేషుగ్గా నడుస్తుంది. కాబట్టి డిస్కును ఎంబీఆర్‌గానే ఉంచి ఇ డ్రైవు స్థానంలో ఉబుంటు వేయవచ్చు. కానీ లెగసీ పద్ధతిలో ఉబుంటు తన గ్రబ్‌ను (ఏ వ్యవస్థను లేపాలో అడిగే ప్రోగ్రామును) ఆ మొదటి సెక్టారులోని బూట్ కోడ్ మీదే రాస్తుంది. ఉన్న ఒకే గుమ్మాన్ని రెండు వ్యవస్థలు పంచుకోవాలి, రేపు ఒకటి తీసేస్తే రెండోదానికి దారి మూసుకుపోతుంది. ఎంబీఆర్‌కు బదులుగా వచ్చిన కొత్త పట్టిక జీపీటీ, యూఈఎఫ్‌ఐ పద్ధతిలో, బూట్ ఫైళ్లకే కేటాయించిన ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో విండోస్‌కు ఒక ఫోల్డరు, ఉబుంటుకు మరొక ఫోల్డరు ఉంటాయి, ఒకదాని ఫైళ్ల జోలికి మరొకటి వెళ్లనవసరం లేదు. జీపీటీ పట్టికలో మామూలుగా 128 పార్టిషన్లకు చోటుంటుంది. దాని నకలు డిస్కు చివర కూడా ఉంటుంది, పట్టిక చెడిందో లేదో పోల్చుకోవడానికి చెక్‌సమ్ (డేటా నుంచి లెక్కకట్టిన సరిచూపు అంకె) ఉంటుంది. పని కొంచెం పెరిగినా సరే, ముందు జీపీటీకి మార్చి తరువాతే ఉబుంటు వేయాలన్నది నా అభిప్రాయం.

ఉబుంటు పెన్‌డ్రైవుతో, ఇన్‌స్టాల్ చేయకుండా, బూట్ చేసి డిస్కు ఆరోగ్యం చూశాను. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ వివరాల్లో రీఅలొకేటెడ్ (చెడిపోయి బదులు పెట్టిన) సెక్టార్లు సున్నా, పెండింగ్ (చదవడానికి మొరాయిస్తున్న) సెక్టార్లు సున్నా. ఈ రెండింటిలో ఏది పెరుగుతూ ఉన్నా పార్టిషన్ల పని కట్టిపెట్టి కొత్త డిస్కు కొనమనేవాడిని.

భోగి నాడు: బ్యాకప్

ఈ ప్రాజెక్టులో ఎక్కువ కాలం తిన్నది బ్యాకప్పే, తినవలసింది కూడా అదే. డి, ఇ డ్రైవులను తీసివేయబోతున్నాము కాబట్టి, తీసిన క్షణం నుంచి తిరిగి నింపేవరకు బ్యాకప్పే అసలు అవుతుంది. అప్పుడు ఎక్స్‌టర్నల్ డిస్కు ఒకటి చేయి జారి కింద పడినా బాబాయి ఇన్నేళ్ల పని పోతుంది. "ఒరేయ్, ఫైళ్లు పోవు కదా?" అని బాబాయి అడిగిన ప్రశ్నకు "పోవు బాబాయ్" అని ధైర్యంగా చెప్పాలంటే రెండు వేర్వేరు డిస్కుల్లో రెండు కాపీలు ఉండాలి.

అలాగే చేశాము. ముందుగా విండోస్‌లో అన్ని డ్రైవుల మీదా చెక్‌డిస్క్ నడిపాను. తరువాత డిస్కు నకలు (ఇమేజ్) తీసే క్లోన్‌జిల్లా పెన్‌డ్రైవుతో బూట్ చేసి, సిస్టమ్ రిజర్వ్‌డ్, సి డ్రైవ్ రెండింటి ఇమేజ్‌ను 2 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి తీశాను. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్లు దాచే పద్ధతి) డ్రైవులో వాడుకలో ఉన్న భాగాన్ని మాత్రమే అది కాపీ చేస్తుంది కనుక 195 జీబీ మొత్తం చోటు అవసరం కాలేదు. డి, ఇ డ్రైవుల ఫైళ్లను ఇమేజ్‌గా కాక మామూలు ఫైళ్లుగానే ఆ డిస్కులోకి ఒకసారి, బాబాయి ఇంట్లో ఉన్న మరో డిస్కులోకి ఒకసారి కాపీ చేశాను. ప్రతి ఫైలుకూ షా256 చెక్‌సమ్ తీసిన జాబితా ఒకటి తయారుచేసి, రెండు కాపీలనూ ఆ జాబితాతో సరిపోల్చాను. లక్షల సంఖ్యలో చిన్న ఫైళ్లుంటే ఈ పోలిక నత్తనడకన సాగుతుంది, దాన్ని నడవనిచ్చి బొబ్బట్లు తినడమే మంచిది.

చెక్‌సమ్ సరిపోయినంత మాత్రాన బాబాయికి నమ్మకం కలగదు. పక్కనున్న పాత ల్యాప్‌టాప్‌లో పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉన్నాయి కాబట్టి, బ్యాకప్ డిస్కు దానికి తగిలించి, ఆయనే ఎంచుకున్న కొన్ని పాత శుభలేఖలను తెరిచి చూపించాను. అక్కడొక సంగతి తేలింది. పేజీలు తెరుచుకున్నాయి కానీ, లోపలి వినాయకుడి బొమ్మలు, బోర్డర్లు ఎక్కడున్నాయో చెప్పమని పేజ్‌మేకర్ అడిగింది. లింక్ చేసిన బొమ్మను అది డ్రైవు అక్షరంతో సహా పూర్తి చిరునామాతో గుర్తుపెట్టుకుంటుంది. అంటే డి, ఇ అన్న అక్షరాలు మారితే వేలాది ఫైళ్లలో బొమ్మలు తప్పిపోతాయి. పార్టిషన్ల పథకంలో ఈ విషయానికి అప్పుడే చోటిచ్చాను.

చివరగా ఎస్‌ఎఫ్‌డిస్క్ ఆదేశంతో ప్రస్తుత పార్టిషన్ పట్టికను అక్షర రూపంలో తీశాను. డిస్కు మొత్తం 195,35,25,168 సెక్టార్లు, ఏది ఎక్కడ మొదలై ఎంత దూరం ఉందో ఒక్కో వరుసలో వచ్చింది. ప్రింటింగ్ షాపులో కాగితానికి కరువా, దాన్ని ఏ4లో ప్రింటు తీసి ఫైల్లో పెట్టించాను. డిస్కులో ఉన్న పట్టిక నకలును అదే డిస్కులో దాచుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

సంక్రాంతి మధ్యాహ్నం: విండోస్‌ను సిద్ధం చేయడం

విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం వల్ల, షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు. కెర్నెల్ (వ్యవస్థకు గుండెకాయ లాంటి భాగం) స్థితిని హైబర్నేషన్ ఫైల్లో రాసుకుని పడుకుంటుంది. ఆ స్థితిలో డ్రైవు ఎలా ఉందో దాని జ్ఞాపకంలో ఉంటుంది. ఈలోగా ఉబుంటు నుంచి అదే డ్రైవులో ఏదైనా రాస్తే, విండోస్ లేచి తన పాత జ్ఞాపకం ప్రకారం రాసుకుంటూ పోయి ఫైళ్ల వ్యవస్థను పాడుచేస్తుంది. రెండు వ్యవస్థలున్న కంప్యూటర్లో డేటా పోవడానికి పార్టిషన్ గీతల కన్న ఇలాంటి మిగులు స్థితులే ఎక్కువ కారణమని నా అనుభవం. అడ్మినిస్ట్రేటర్ హక్కులతో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ ఆదేశంతో హైబర్నేషన్‌ను పూర్తిగా ఆపేశాను. దానితో ఫాస్ట్ స్టార్టప్ కూడా పోయింది, డిస్కులో, ర్యామ్ పరిమాణంలో 40 శాతం మేర, అంటే ఇక్కడ సుమారు 3.2 జీబీ, ఆక్రమించి ఉన్న ఫైలు కూడా పోయింది.

డ్రైవును ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఈ యంత్రంలో లేదు, స్థితి చూసి నిర్ధారించుకున్నాను. ల్యాప్‌టాప్‌లో ఈ పని తలపెట్టేవారు మాత్రం దీన్ని తప్పక చూడాలి. ఎన్‌క్రిప్షన్ ఉన్నట్టు యజమానికే తెలియని సందర్భాలుంటాయి. బూట్ పద్ధతిలో మార్పు కనబడగానే అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కీ లేకపోతే అందులోని డేటా మీద ఆశ వదులుకోవలసిందే.

కనుమ నాడు: ఎంబీఆర్ నుంచి జీపీటీకి

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. నా గుంటూరు ప్రయాణం మరునాటికి వాయిదా పడింది, పని ముందుకు కదిలింది.

విండోస్ 10లో 2017 నుంచి ఎంబీఆర్2జీపీటీ అనే సాధనం ఉంది. డేటా పోకుండా డిస్కును మారుస్తుంది కానీ దానికి నియమాలున్నాయి. ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించకూడదు, ఎక్స్‌టెండెడ్, లాజికల్ పార్టిషన్లు అసలు ఉండకూడదు. ముందు పరీక్ష మాత్రమే చేసే వాలిడేట్ స్విచ్‌తో నడిపితే, డి, ఇ ఉన్నంతసేపూ అది ససేమిరా అంది. రెండు కాపీలూ చేతిలో ఉన్నాయని మరొకసారి చూసుకుని, బ్యాకప్ డిస్కులను రెండింటినీ కేబుల్ ఊడదీసి బీరువాలో పెట్టించి, ఆ తరువాతే డి, ఇ డ్రైవులను, ఖాళీ అయిన ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌ను తొలగించాను. ఈ దశ నుంచి కంప్యూటర్‌కు తగిలి ఉండే డిస్కు ఒక్కటే అయితే, ఒక డిస్కుకు బదులు మరో డిస్కును చెరిపే ప్రమాదం దానంతట అదే తప్పుతుంది.

యూపీఎస్ బ్యాటరీ నిండుగా ఉందని చూసి మార్పిడి ఆదేశం ఇచ్చాను. విండోస్ నడుస్తుండగానే ఈ పని చేసినప్పుడు ఆ సాధనం పాత సిస్టమ్ రిజర్వ్‌డ్‌ను వాడుకోదు. సి డ్రైవును 100 ఎంబీ మేర తగ్గించి అక్కడ కొత్త ఈఎఫ్‌ఐ పార్టిషన్ పెడుతుంది. పని నిమిషాల్లోనే అయిపోయింది. రికవరీ ఎన్విరాన్‌మెంట్ (విండోస్ లేవనప్పుడు బాగుచేసే భాగం) వివరాలను మార్చలేకపోయానని, దాన్ని ఒకసారి ఆపి మళ్లీ పెట్టమని చివర్లో ఒక సూచన వచ్చింది. రీఏజెంట్‌సీ ఆదేశంతో అలాగే చేశాను.

ఇప్పుడు విండోస్ లెగసీ పద్ధతిలో బూట్ కాదు. బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లి లెగసీ పద్ధతిని నడిపే సీఎస్‌ఎమ్ ఆపి, యూఈఎఫ్‌ఐ పెట్టి, సంతకం ఉన్న బూట్ ఫైళ్లనే అనుమతించే సెక్యూర్ బూట్ ఆన్ చేశాను. విండోస్ ఎప్పటిలాగే లేచింది. బాబాయి పేజ్‌మేకర్ తెరిచి, ఒక పేజీ ప్రింటు తీసి చూసుకున్నాక తరువాతి మెట్టు ఎక్కాము.

పార్టిషన్ల పథకం

1 టీబీ డిస్కును విండోస్ 931 జీబీగా చూపుతుంది. కంపెనీ లెక్క వెయ్యితో, విండోస్ లెక్క 1,024తో కావడమే ఆ తేడాకు కారణం. అందులో సి డ్రైవు, ఆ 100 ఎంబీ తప్ప, ఉన్నచోటే, ఉన్నట్టే ఉంది. దాన్ని అంతకు మించి కుదించే అవసరం రాకపోవడం మా అదృష్టం. పేజ్ ఫైలు వంటి కదలని ఫైళ్లు మధ్యలో ఉంటే డిస్క్ మేనేజ్‌మెంట్ ఎంత ఖాళీ ఉన్నా కొంతకు మించి కుదించనివ్వదు. ఆ తరువాత ఉబుంటుకు 100 జీబీ, రెండింటికీ ఉమ్మడిగా 450 జీబీ, చివర సుమారు 185 జీబీ ఏ పార్టిషనూ లేకుండా ఖాళీగా వదిలాను. ఉమ్మడి డ్రైవు నిండినప్పుడు డిస్క్ మేనేజ్‌మెంట్ దాన్ని కుడివైపు ఆనుకుని ఉన్న ఖాళీలోకే పెంచగలదు కాబట్టి ఈ వరుస కావాలనే పెట్టాను. ఉబుంటులో హోమ్‌కు (వాడుకరి సొంత ఫైళ్ల చోటుకు) వేరే పార్టిషన్ పెట్టలేదు. షాపు ఫైళ్లన్నీ ఉమ్మడి డ్రైవులోనే ఉంటాయి కనుక దాని అవసరం లేదు. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే చోటు) కూడా ఫైలుగానే ఉంటుంది.

ఉమ్మడి డ్రైవుకు ఎక్స్‌ఫ్యాట్ వాడమని చాలామంది చెబుతారు. దానికి జర్నల్ (మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) లేదు. కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేసిన రోజున జర్నల్ ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్ మేలు. ఏ వ్యవస్థ ఫార్మాట్‌ను ఆ వ్యవస్థ సాధనంతోనే చేయడం నా అలవాటు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను విండోస్‌లో చేసి, దానికి డి అన్న అక్షరాన్నే ఇచ్చాను. ఉబుంటు 100 జీబీ స్థలాన్ని మాత్రం ముట్టుకోకుండా ఉంచాను.

డి ఫైళ్లు డిలోకి తిరిగి వచ్చాయి. ఇ ఫైళ్లను డిలోనే ఒక ఫోల్డరులో పెట్టి, సబ్‌స్ట్ ఆదేశంతో ఆ ఫోల్డరు ఇ డ్రైవుగా కనిపించేలా చేశాను. విండోస్ ఆపగానే ఈ ఏర్పాటు పోతుంది కనుక ఆ ఒక్క వరుసను చిన్న బ్యాచ్ ఫైలుగా రాసి స్టార్టప్ ఫోల్డరులో ఉంచాను. వినాయకుడు, బోర్డర్లు అన్నీ పేజ్‌మేకర్ అడగకుండానే వచ్చేశాయి.

ముక్కనుమ: ఉబుంటు

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే ఉబుంటు పెన్‌డ్రైవు బూట్ అయింది. దాని షిమ్ అనే మొదటి బూట్ ఫైలుకు మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది. డిస్కును ఇన్‌స్టాలరే పంచుకునే దారి వదిలి, మాన్యువల్ పార్టిషనింగ్ ఎంచుకున్నాను. ఖాళీ చోటులో 100 జీబీ ఎక్స్‌టీ4 (లినక్స్ ఫైళ్లు దాచే పద్ధతి), మౌంట్ పాయింట్ (దాన్ని తగిలించే చోటు) రూట్, అంటే వ్యవస్థ మొత్తానికి మూలం. ఉన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను వాడమని చెప్పి, ఫార్మాట్ గడిలో టిక్కు లేదని చూశాను. ఆ టిక్కు పెడితే విండోస్ బూట్ ఫైళ్లు చెరిగిపోతాయి. 100 ఎంబీ సరిపోతుందా అన్న సందేహం అక్కర్లేదు. కెర్నెల్ ఫైళ్లు రూట్‌లోనే ఉంటాయి, ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోకి కొద్ది ఎంబీల షిమ్, గ్రబ్ మాత్రమే వెళతాయి. ఇన్‌స్టాల్ నొక్కేముందు వచ్చే మార్పుల పట్టికలో ఒక్క ఎక్స్‌టీ4 తప్ప మరే పార్టిషన్ పక్కనా ఫార్మాట్ అన్న మాట ఉండకూడదు. బాబాయి ప్రూఫు దిద్దే కళ్లద్దాలు పెట్టుకుని ఆ పట్టికను నాతోపాటు వరుస వరుసా చదివారు.

గ్రబ్ మెనూలో విండోస్ కూడా వచ్చింది. గ్రబ్ సెట్టింగుల్లో, చివరిసారి ఎంచుకున్నదే ఈసారీ ముందుగా వచ్చేలా పెట్టాను. కంపోజింగ్ ఎక్కువగా ఉన్న రోజుల్లో విండోస్, లేని రోజుల్లో ఉబుంటు తమంతట తామే వస్తాయి.

ఉమ్మడి డ్రైవు ఉబుంటు లేవగానే మౌంట్ అయ్యేలా ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే సెట్టింగుల ఫైల్లో, యూయూఐడీ అనే ఆ పార్టిషన్ గుర్తింపు సంఖ్యతో, ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ డ్రైవరుతో ఒక వరుస రాశాను. అందులో విండోస్ నేమ్స్ అనే ఆప్షన్ ముఖ్యం. ప్రశ్నార్థకం, కోలన్ వంటి గుర్తులను లినక్స్ ఫైలు పేర్లలో అనుమతిస్తుంది, విండోస్ ఒప్పుకోదు. ఈ ఆప్షన్ ఉంటే అలాంటి పేరుతో సేవ్ చేయబోయినప్పుడే ఉబుంటు ఆపుతుంది. సి డ్రైవుకు రీడ్ ఓన్లీగా, దానంతట అది మౌంట్ కాకుండా మరో వరుస రాశాను. షాపులో ఎవరైనా ఫైల్ మేనేజర్లో దాని మీద నొక్కినా అడ్మిన్ పాస్‌వర్డు లేకుండా తెరుచుకోదు.

షాపు తెరిచాక

మొదటి సాయంత్రం బాబాయి ఫోన్ చేసి, విండోస్‌లో గడియారం తప్పు చూపుతోందన్నారు. ఆరున్నరకు ఒంటిగంట అంటోందట. 5 గంటల 30 నిమిషాల తేడా అనగానే విషయం తెలిసిపోయింది. మదర్‌బోర్డు గడియారంలో ఉబుంటు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) కాలాన్ని రాస్తుంది, విండోస్ దాన్నే భారత కాలమని చదువుతుంది. నెట్ ఉన్న విండోస్ అయితే కాసేపటికి సర్దుకుంటుంది. ఇక్కడ విండోస్‌కు నెట్ లేదు, పైగా ఫైళ్ల తేదీలను చూసే బాబాయి ఏ ప్రూఫు కొత్తదో తేల్చుకుంటారు. విండోస్ రిజిస్ట్రీలో టైమ్ జోన్ వివరాలున్న చోట రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ అనే విలువను 1గా పెట్టించాక రెండూ ఒకే గంట చూపుతున్నాయి.

విండోస్‌లో నెట్‌వర్క్ అడాప్టరును డివైస్ మేనేజరులో డిజేబుల్ చేశాము. వాట్సాప్‌లో వచ్చిన మ్యాటరు ఉబుంటులో దిగి, ఉమ్మడి డ్రైవులోని రాకపోకల ఫోల్డరు గుండా విండోస్‌కు వెళుతుంది. ఆ ఫోల్డరులో పెట్టేవి బొమ్మలు, పీడీఎఫ్‌లు, వర్డ్ ఫైళ్లు మాత్రమేనని, పేరు చివర ఈఎక్స్ఈ అని ఉన్నది ఏదీ పెట్టకూడదని షాపులో అందరికీ చెప్పాను.

పాత క్లోన్‌జిల్లా ఇమేజ్ ఎంబీఆర్ కాలం నాటిది కాబట్టి, సి డ్రైవు, ఈఎఫ్‌ఐ, ఉబుంటు మూడింటికీ కొత్త ఇమేజ్ తీసి, ఎస్‌జీడిస్క్‌తో జీపీటీ పట్టిక నకలును కూడా ఎక్స్‌టర్నల్ డిస్కులో పెట్టాను. కొత్త పట్టిక ప్రింటు ఫైల్లో పాతదాని పైన చేరింది.

ఇక మిగిలినవి రెండు. షాపులోని పాత లేజర్ ప్రింటరు ఉబుంటులో పేజీ ఎడమ అంచు కోసేస్తోంది, దాని డ్రైవరు సంగతి చూడాలి. యూనికోడ్‌లో వచ్చిన మ్యాటరును అనులోకి మార్చే కన్వర్టరు కొన్ని వత్తులను తప్పుగా పెడుతోంది. బాబాయి వాటి జాబితా రాస్తున్నారు, మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేలోపు దాన్ని సరిచేయాలి.